పెదనాన్న పూడ్చిన బెజ్జం

మా పెదనాన్న పెయింటరు. గోడలు, గేట్లు, బోర్డులు, ఏదైనా సరే. రంగు వేసినవాటిలో ఆయన తనదనుకున్నది మాత్రం యుద్ధ స్మారకం దగ్గరున్న ఫిరంగి ఒక్కదాన్నే. ఇరవై ఆరేళ్లుగా ఏటా దానికి ఒక పూత వేస్తున్నాడు. పక్కనున్న బోర్డూ ఆయన రాసిందే. "శత్రువుల గుండెల్లో నిద్రపోయిన ఫిరంగి" అని ఉంటుంది. అలా రాయమని ఎవరూ చెప్పలేదు. బోర్డు మీద జాగా మిగిలిందని రాశాడు.

ఇంట్లో తలుపులకు పదేళ్లుగా రంగు లేదు.

"ఆ గొట్టాన్నే పెళ్లి చేసుకోవాల్సింది," అంటుంది పెద్దమ్మ.

"అది ఇంత మాట్లాడదు," అంటాడు ఆయన.

ఈ ఏడు మున్సిపాలిటీకి ఫౌంటెన్ మీద మనసైంది. దానికి ఫిరంగి ఉన్న దిమ్మే కావాలట. ఫిరంగి నిజంగా యుద్ధంలో పేలిందని రుజువైతే ఉంచుతాం, లేకపోతే తీసేస్తాం అన్నారు. తేల్చడానికి మ్యూజియం నుంచి ఒక మేడమ్ వచ్చింది. నేను కాలేజీ మానేసి ఖాళీగానే ఉన్నాను కాబట్టి పెదనాన్నని బండి మీద తీసుకెళ్లాను. మున్సిపల్ ఇంజనీరు అప్పటికే ఫౌంటెన్ బొమ్మ గీసిన కాగితం పట్టుకుని నిలబడి ఉన్నాడు.

మేడమ్ టార్చి వేసి, టేపు పెట్టి, చక్రాల కింద దూరి మరీ చూసింది. "దీని మీద నంబరు కొట్టి ఉండాలే?"

"ఉంది," అని పెదనాన్న గొట్టం వెనక చివర చూపించాడు. "గుంటలుంటే రంగు సాపుగా రాదని పుట్టీ పెట్టేశాను."

మేడమ్ అక్కడ గోటితో గీకి చూసింది. "పైన ఎన్ని పూతలున్నాయి?"

"ఇరవై ఆరు. ప్రైమరు కాక."

ఆయనే గీకాడు. గంటన్నర పట్టింది. ఆకుపచ్చ కింద ఆకుపచ్చ, దాని కింద ఉన్నట్టుండి నీలం.

"ఇదేంటి?" అన్నాను.

"స్కూలు గేటుకి వేయగా మిగిలింది. నోర్ముయ్."

నంబరు బయటపడింది. మేడమ్ తన పుస్తకంలో చూసుకుంది. "కాలం సరిపోయింది. ఈ రకం కొన్ని యుద్ధానికెళ్లాయి. కొన్నిటిని సిపాయిలకు శిక్షణ ఇవ్వడానికి వాడారు. శిక్షణవైతే ఎవరూ పేల్చకుండా గొట్టం పక్కన వేలు పట్టేంత బెజ్జం వేసేవాళ్లు. దీనికి బెజ్జం లేదు. అంటే యుద్ధానిదే."

ఇంజనీరు ఫౌంటెన్ కాగితం చుట్టేశాడు. నేను ఈల వేయబోయి పెదనాన్నని చూసి ఆగాను. ఆయన ముఖం సున్నం కొట్టిన గోడలా ఉంది.

మేడమ్ పెన్ను మూత తీసింది. పెదనాన్న గొట్టం పక్కకు వెళ్లి, చేత్తో తడిమి, ఒకచోట పుట్టీ రేకు మొన ఆనించి గట్టిగా తిప్పాడు. రూపాయి బిళ్లంత పెచ్చు ఊడి కింద పడింది. వేలు పట్టేంత బెజ్జం.

"మొదటి ఏడే చూశాను. వాన నీళ్లు లోపలికి పోతాయని పూడ్చాను."

"ఇందాక అక్కడ వెతికానే, కనబడలేదు!" అంది మేడమ్.

"కనబడితే అది పుట్టీ పని ఎలా అవుతుందమ్మా?"

ఆమె రాసుకుంది. ఇంజనీరు కాగితం మళ్లీ విప్పాడు.

బండి దగ్గర నేను ఊరుకోలేదు. "గమ్మునుంటే ఎవడికి తెలిసేది? చేతులారా తీయించేశావు కదా!"

"బోర్డు మీద తెలియక రాశాన్రా. ఇప్పుడు తెలిసీ ఆవిడ చేత రాయించమంటావా?"

బండెక్కి కూర్చున్నాడు.

పది రోజుల్లో క్రేన్ వచ్చింది. ఫిరంగిని బోర్డుతో సహా తీసుకెళ్లి మున్సిపాలిటీ షెడ్డు వెనక, విరిగిన చెత్త బళ్ల పక్కన పెట్టారు. పూత వేసే నెల రాగానే పెదనాన్న డబ్బా, బ్రష్షులతో అక్కడ దిగాడు.

"ఎవరు వెయ్యమన్నారు?" అన్నాడు వాచ్‌మన్.

"ఎవరూ అనలేదు. జరుగు."

పాత బోర్డు చెరిపి కొత్తగా రాశాడు. "ఎవరినీ చంపని ఫిరంగి." అక్షరాలు మునుపటికంటే పెద్దవి. బెజ్జానికి పుట్టీ పెట్టలేదు. సన్న బ్రష్షుతో దాని లోపల కూడా రంగు వేశాడు.

"వాన నీళ్లు పోవా?" అన్నాను.

"పోతాయి. వచ్చి తుడుస్తాను."