మీసం మొక్కు

మా ఆవిడ గుడిలో ఉన్నంతసేపూ నేను బయట టీ కొట్టు దగ్గర కూర్చోవడం పెళ్ళైన కొత్తలోనే మా మధ్య కుదిరిపోయింది. శనివారం పొద్దున్నే రాజోలు నుంచి అప్పనపల్లి దాకా స్కూటర్ మీద దింపుతాను. ఆవిడ దర్శనానికి వెళ్తుంది, నేను ఆవిడ చెప్పులకు కాపలా ఉంటాను. తిరిగి రాగానే అడుగుతాను.

"ఏమన్నాడు మీ స్వామి?"

"మిమ్మల్నే అడిగేడండి. ఆ మనిషి చెప్పులైనా సరిగ్గా చూస్తన్నాడా అని."

ప్రశ్న ఎప్పుడూ అదే. జవాబు మాత్రం ఆవిడ వారం వారం మార్చేది. నవ్వుకుంటూ ఇంటికొచ్చేవాళ్ళం.

నాది మోటార్ వైండింగ్ షాపు. కాలిపోయిన బోరు మోటార్లకు రాగి తీగ కొత్తగా చుట్టి ఇస్తాను. చుట్టిన మోటారుకు పసుపూ కుంకుమా పెట్టి కొబ్బరికాయ కొట్టే రైతులతో, "తీగ కాలేది ఓల్టేజీ వల్లండి, దేవుడి వల్ల కాదు" అని వాదన పెట్టుకునేవాణ్ణి. దేవుణ్ణి నమ్మనివాడని రాజోల్లో నాకో పేరుంది. ఆ పేరంటే నాకు లోపల్లోపల గర్వం కూడా.

పోయిన వర్షాకాలం ఆవిడకు గర్భసంచిలో గడ్డ ఉందని తేలింది. ఆపరేషన్ అమలాపురంలో. స్ట్రెచర్ మీద లోపలికి తీసుకెళ్తుంటే నన్ను పిలిచింది. ఏదో ముఖ్యమైన మాటనుకుని వంగాను.

"ఫ్రిజ్‌లో స్టీలు గిన్నెలో ఉన్నది పులిహోర గుజ్జండి. పప్పనుకుని అన్నంలో కలుపుకునేరు!"

పక్కనున్న నర్సు నవ్వింది. తలుపు మూసుకుంది. కాసేపటికి అదే నర్సు బయటికొచ్చి ఆవిడ మంగళసూత్రాలు, మెట్టెలు ఒక ప్లాస్టిక్ కవర్లో పెట్టి నా చేతికిచ్చింది. మా అమ్మాయి హైదరాబాద్ నుంచి ఇంకా దారిలోనే ఉంది. మరికాసేపటికి డాక్టరుగారు తలుపు తీసి, "బ్లీడింగ్ కొంచెం ఎక్కువగా ఉందండి, రక్తం ఎక్కిస్తున్నాం" అని చెప్పి మళ్ళీ లోపలికి వెళ్ళిపోయారు.

ఆ కవర్ పట్టుకుని గోడవైపు తిరిగాను. 'స్వామీ, తలనీలాలిస్తాను. మీసం కూడా ఇస్తాను' అనుకున్నాను. కుర్రతనం నుంచీ దువ్వుకుంటూ పెంచుకున్న మీసం. ఇంకో మాట కూడా అనుకున్నాను.

గండం గడిచింది. గడ్డలో చెడేమీ లేదని రిపోర్టు కూడా వచ్చింది. ఆవిడ ఇంటికొచ్చి కాస్త లేచి కూర్చుంటున్నాక, రాగి తీగ కొనాలని అబద్ధం చెప్పి అప్పనపల్లి వెళ్ళాను. ఎన్నో ఏళ్ళుగా వస్తున్న ఊరే, అయినా తలనీలాలు ఎక్కడ తీస్తారో తెలియదు. నాకు వారం వారం టీ ఇచ్చే ఆయన్ని అడగాలంటే నోరు రాలేదు. ఆయన కంటపడకుండా చుట్టూ తిరిగి వెతుక్కుంటూ వెళ్ళాను. క్షురకుడు తల తడిపి, "మీసం కూడానా అండీ?" అని రెండుసార్లు అడిగాడు.

"ఆయ్" అన్నాను, కళ్ళు మూసుకుని.

హెల్మెట్ పెట్టుకుని గబగబా ఇంటికొచ్చేశాను. సాయానికి వచ్చి ఉంటున్న మా వదినగారు, అంటే మా ఆవిడ అక్కగారు, తలుపు తీసింది. హెల్మెట్‌తోనే గదిలోకి దూరబోయాను.

"మరిదిగారూ, ఇంట్లో కూడా ఆ డిప్ప ఏంటండీ!"

తియ్యక తప్పలేదు. వదినగారు గుండెల మీద చెయ్యేసుకుంది.

"అయ్యో! ఎవరు పోయేరండీ?"

తలతోపాటు మీసం కూడా తీసేస్తే మావైపు ముందు వచ్చే అనుమానం అదే. నా తల్లిదండ్రులు ఎప్పుడో పోయారు. ఆ కేకకు పక్కింటివాళ్ళు కూడా వచ్చేశారు. పరామర్శకు మొహాలు సిద్ధం చేసుకుని గుమ్మంలో నిలబడ్డారు. "ఎవరూ పోలేదండీ, మొక్కు" అని చెప్పాను. ఆ మాట నా నోటెంట రావడం విని వాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. భూమిలోకి కుంగిపోతే బాగుండుననిపించింది.

లోపల మంచం మీదున్న మా ఆవిడ నన్ను చూసింది. దిండు పొట్టకు అదుముకుని నవ్వడం మొదలుపెట్టింది. "కుట్లండీ, కుట్లు లాగుతున్నాయి, అటు తిరగండి బాబూ" అంటూ కళ్ళమ్మట నీళ్ళు కారేలా నవ్వింది.

అందరూ వెళ్ళాక పక్కన కూర్చోబెట్టుకుని అడిగింది. "ఏమని మొక్కుకున్నారు?"

"నువ్వు బాగుండాలని."

ఆవిడ నా మొహం చూస్తూనే ఉంది. అబద్ధం నిలబెట్టుకోలేకపోయాను.

"కాదు. నన్ను ఒక్కణ్ణీ వదిలెయ్యొద్దని మొక్కుకున్నాను. ఇంటికెళ్తే పలకరించే మనిషుండదే, ఒక్కణ్ణే కూర్చుని అన్నమెలా తినాలి అనుకున్నాను. నువ్వక్కడ కత్తి కింద ఉంటే నేను నా గురించే ఏడ్చాను."

తలెత్తలేకపోయాను. మీసం తీయించుకున్నందుకు కాదు, దానివెనక ఇంత స్వార్థం ఉన్నందుకు సిగ్గుపడ్డాను. ఏ దేవుణ్ణి వెక్కిరించానో ఆయన దగ్గరే, అదీ నాకోసం, చెయ్యి చాపాను.

ఆవిడ నా గుండు మీద చెయ్యి వేసి నిమిరింది.

"అందరూ అడిగేది అదేనండి. నేను మాత్రం ఇన్నేళ్ళూ ఏవడిగేననుకున్నారు? మీరు కొత్త కదా, అందుకే సిగ్గు."

కొత్తవాణ్ణని ఆవిడ దెప్పలేదు. వంటింట్లో ఉప్పు ఎక్కడుందో చెప్పినంత మామూలుగా చెప్పింది. దాంతో నా సిగ్గు తగ్గకపోగా ఇంకా పెరిగింది.

డాక్టరుగారు తిరగొచ్చన్నాక ఒక శనివారం ఇద్దరం వెళ్ళాం. ఈసారి నేనూ లోపలికి నడిచాను. నమ్మకం కుదిరిందా అంటే చెప్పలేను. లైన్లో ఎక్కడ దండం పెట్టాలో తెలియక ముందున్నవాళ్ళను చూసి పెడుతున్నాను. అర్చకుడుగారు తీర్థమిచ్చి, శఠగోపం నా తల మీద పెట్టారు. అప్పుడప్పుడే మొలకలొస్తున్న గుండు మీద చల్లటి ఇత్తడి తగిలేసరికి, "అమ్మో!" అని పైకే అరిచేశాను.

లైనంతా తిరిగి చూసింది. అర్చకుడుగారు పెదవి బిగబట్టారు. మా ఆవిడ మాత్రం స్వామి ఎదురుగానే కొంగు నోట్లో కుక్కుకుని, భుజాలు ఊగిపోయేలా నవ్వుతోంది. నేను తల వంచుకుని ఆవిడ వెనకాలే బయటికి నడిచాను.