కామాక్షి ఆటకి వెళ్ళిన పొద్దు

మా అన్నయ్య కూతురు కామాక్షి గురించి చెప్పమంటే నాకు కాస్త గర్వంగానే మాట్లాడాలనిపిస్తుంది. దిష్టి తగిలితే తగలనీ.

అరవై ఏడులో మా కొండలరావు అన్నయ్యకి యూనివర్సిటీలో ఉద్యోగం. తార్నాకలో వరండా ఉన్న అద్దెయిల్లు. మావారు పోయాక నేనూ వాళ్ళ దగ్గరే ఉండేదాన్ని. కామాక్షి బి.ఏ. చదివేది. పిల్లకి నెలల తరబడి నెలసరి రాదు. ఒళ్ళు పెరిగింది. పసుపు ఎంత రాసినా గడ్డం మీద వెంట్రుకలు పోవు. మా ఇంట్లో నెలసరి వచ్చిన ఆడది మూడు రోజులు వరండాలో చాప మీద కూర్చోవాలి, ఎవరూ ముట్టుకోకూడదు. కామాక్షి ఆ చాప మీద కనబడకపోయేసరికి పక్కింటి ప్రమీలమ్మకి నిద్ర పట్టడం మానేసింది. "మీ అమ్మాయి బయట చేరట్లేదేమిటండీ?" అని గోడ మీంచి ఆరా. ఇలాంటివాళ్ళకి ఇంట్లో వంటావార్పూ ఉండదు కాబోలు. ఆ మాటకి మా వదిన చిట్టెమ్మ కుమిలిపోయేది. పెళ్ళి కావలసిన పిల్ల, నలుగురి నోళ్ళలో నానితే ఎలా అని ఆవిడ భయం.

చివరికి నేనే పిల్లని డాక్టరమ్మ దగ్గరికి లాక్కెళ్ళాను. ఆవిడ పరీక్ష చేసి, "అండాశయాల్లో చిన్న చిన్న నీటి తిత్తులు ఉండి ఉంటాయి. మందు రాస్తాను. కానీ ఒళ్ళు కదలకుండా మందొక్కటే చాలదు. రోజూ చెమట పట్టాలి, మధ్యలో మానెయ్యకూడదు" అంది.

కామాక్షి బస్సు మానేసి కాలేజీకి నడక మొదలుపెట్టింది. లాలాగూడ నుంచి వచ్చే సాలమ్మ దారిలో జత కలిసింది. రైల్వే వర్క్‌షాపు మేస్త్రీ కూతురు. బాల్ బ్యాడ్మింటన్‌లో ఆ పిల్ల కొడితే బంతి కనబడేది కాదు. "ఒట్టిగ నడిస్తే ఏమైతది? ఆడుదాం రా" అని కోర్టులోకి దింపింది. మొదట్లో మా పిల్ల రెండు బంతులకే ఆయాసపడి కూలబడేది. మగపిల్లలు నవ్వేవారు. నవ్వితే నవ్వనీ అని మర్నాడు మళ్ళీ వెళ్ళేది. అదీ మా కామాక్షి. వానాకాలం వెళ్ళేసరికి చీర కుచ్చెళ్ళు దోపి కోర్టంతా తానే అయి తిరిగింది. కాలేజీ జట్టులోకి తీసుకున్నారు.

సరిగ్గా కాలేజీల పోటీల్లో ఫైనల్ ఆట రోజు పొద్దున్నే నెలసరి వచ్చింది. వదిన కళ్ళు చెమర్చాయి. దేవుడికి దణ్ణం పెట్టి, ప్రమీలమ్మకి బాగా కనబడేచోట చాప పరిచింది.

"కూర్చోవే తల్లీ. చూడనీ అందరినీ."

ఇంతలో పిలవడానికి సాలమ్మ వచ్చింది. సంగతి విని, "మంచి ముచ్చటనే గదమ్మా. కానీ కామాక్షి రాకుంటే మేం నలుగురమే అయితం. ఐదుగురు లేకుంటే ఆడనియ్యరు" అంది.

ఆచారం అంటే వదినకి ప్రాణం.

"అమ్మా, నాకు ఒంట్లో బాగానే ఉంది" అంది కామాక్షి చాప మీద నుంచే. "ఆడబట్టేగా ఇది వచ్చింది? వచ్చిందని ఆట మానెయ్యనా?"

నా నోరు మామూలుగా ఊరుకునే రకం కాదు, కానీ ఆ పూట ఆపుకున్నాను. అది వదినే తేల్చుకోవాలి.

వదిన వచ్చి చాప మీదే కూర్చుంది. పిల్ల జడ విప్పి, మళ్ళీ బిగించి అల్లింది. గోడ అవతల ప్రమీలమ్మ నోరు వెళ్ళబెట్టింది.

"అదేమిటండీ, అమ్మాయి బయట చేరింది కదా, ముట్టుకున్నారు?"

"ముట్టుకున్నానండీ" అంది వదిన, పిల్ల చెయ్యి పట్టుకుని మెట్లు దిగుతూ. "నా కూతురికి ఆటకి ఆలస్యమవుతోంది."