పుంటికూర కట్ట

సూరత్‌లో నేను బట్టలకు రంగులు వేసే మిల్లులో పనిచేసేవాణ్ణి. రంగునీళ్ల తొట్టి నిండితే వెనక కాలువలోకి వదలడం నా పని. ఆ కాలువే ఉన్ అనే పేటలో మా గదుల పక్కనుంచి పోతుంది. లాక్‌డౌన్‌లో మిల్లు మూతపడి నీళ్లు తేటపడ్డాయి. పక్క గదిలోని ముసలమ్మ, మా జిల్లా మనిషే, కాలువ గట్టున పుంటికూర, అదే గోంగూర, వేసింది. కూరగాయల బండ్లు రాని ఆ రోజుల్లో మా గదుల వరుసంతటికీ అదే కూర.

వానలు మొదలయ్యాక మిల్లు తెరిచారు. మొదటి రోజే తొట్టి వదిలాను. సాయంత్రం ఇంటికొస్తుంటే ఆమె కూరమడికి పోయడానికి కాలువలో బకెట్ ముంచుతోంది.

"నీళ్లు జర ఎర్రగ వస్తున్నయి బిడ్డా, ఏందిది?"

"వానకు మట్టి కొట్టుకొచ్చిందేమో పెద్దమ్మా."

నిజం చెబితే, వదిలిందెవరని అడుగుతుంది కదా. సిగ్గులేని నా నోరు, ఎంత తేలిగ్గా అనేసింది!

రెండు రోజులకు ఆమె ఒక కట్ట తెచ్చింది. "నీ కోసమే తెంపిన, లేతగున్నది" అంది. తీసుకున్నాను. ఆమె వెళ్లగానే చెత్తబుట్టలో వేశాను. కాసేపటికి అన్ని గదుల నుంచీ పుంటికూర ఉడుకుతున్న పుల్లటి వాసన వచ్చింది. లేచి తలుపు వేసుకున్నాను.