పసుపు రేకు మీద బేరం

గీసి గీసి బేరమాడటంలో జనగామ బజారులో నన్ను మించినవాడు లేడు. ప్రమాదమని రాసున్న సరుకును, ఆ రాతే చూపించి సగం ధరకు కొన్న మొనగాణ్ణి. ఇన్నేళ్లుగా ఈ గొప్ప నా ఛాతీ మీద బండలా కూర్చుంది. మీ క్షమాపణ కోసం చెప్పడం లేదు. అది మీ దగ్గరే ఉంచుకోండి.

తెలంగాణ కోసం సమ్మె నడుస్తోంది. ఆఫీసులకు తాళాలు, రోడ్ల మీద వంటావార్పులు. నా పాత ఇనుప సామాను దుకాణం షట్టరు సగం దించి ఉండేది. బయట ఉద్యమం, లోపల వ్యాపారం. భూపాలపల్లి దిక్కు మూతపడ్డ ఫ్యాక్టరీ కాపలాదారు ఒక సీసం డబ్బా తెచ్చాడు. దాని మీద పసుపు రేకు, నల్లటి మూడు రెక్కల గుర్తు, కింద ఇంగ్లీషులో ప్రమాదమని రాత. లోపల అణుపదార్థం ఉందట. తీసుకుపోవలసినవాళ్లకు ఫోన్ చేస్తే ఎత్తేవాళ్లు లేరు, అతనికి జీతమిచ్చేవాళ్లూ లేరు. గుర్తు మీద వేలు పెట్టి ధర తగ్గించాను.

డబ్బా పగలగొట్టే పని బాలుది. పెద్దవంగర దగ్గరి తండా నుంచి కూలికి వచ్చేవాడు.

“సేటూ, గీ ఫ్యాను బొమ్మ ఏంది?”

“కంపెనీ మార్కురా. కొట్టు.”

“మార్కుకు గింత సీసం ఎందుకు చుట్టిండ్రు?”

“కూలి కొట్టినందుకా, అడిగినందుకా?”

నవ్వి కొట్టాడు. నిజం చెబితే కూలి పెంచమనేవాడు. అందుకే అమ్మేవాడి ముందు ప్రమాదం, కొట్టేవాడి ముందు కంపెనీ మార్కు. లోపల వేలెడంత మెరిసే గొట్టం. బాలు దాన్ని చేతిలో తిప్పి తిప్పి చూశాడు.

నాకు తెలియదా? తెలుసు. ఎంత తెలుసు? దాన్ని పారేయడానికి నేను పొడవాటి పట్టకారు వెతికేంత.

కొన్నాళ్లకు బాలు వేళ్లు పొక్కి నల్లబడ్డాయి. యాసిడ్ పడిందా అని దవాఖానలో డాక్టరు అడిగితే, అవునన్నది నేనే. కారణం తెలిస్తే వైద్యం మారేదేమో. ఆ ప్రశ్న నన్ను పడుకోనివ్వదు, పడుకోనివ్వకూడదు కూడా.

ఇక లెక్క. నాకు వచ్చింది, సీసం మీద వారం రోజుల లాభం. బాలుకు పోయింది, కుడిచేతి రెండు వేళ్లు, సుత్తి పట్టే బతుకు. నేను పారేసిన గొట్టం పెద్దవంగర దారిలో, విరిగిన క్రషరు వెనక, వదిలేసిన క్వారీ నీళ్లలో ఉంది. ఎండాకాలం అక్కడ గొర్రెలు తాగుతాయి, పిల్లలు ఈదుతారు. అది చల్లారేలోపు నా మనవలు ముసలివాళ్లవుతారు. ఆ నీళ్లు ఇప్పటిదాకా ఎవరిని తాకాయో నాకు తెలియదు. తెలియని ఆ మొత్తం కూడా నా పేరు మీదే.