భర్త పేరు చెప్పిన టీచరమ్మ

2023 చలికాలం. సిడ్నీలో ఒక పెద్ద ఆసుపత్రిలో, ఎముకల వార్డులో నర్సుగా ఉన్నాను. తుంటి విరిగి ఆపరేషన్ అయిన ఇలోనా అనే హంగేరీ పెద్దావిడ నా వంతుకు వచ్చారు. వాళ్ళ దేశంలో బడిలో టీచరు. ఇక్కడికొచ్చాక సొంత ఊరి మాటలన్నీ పోగేసి డిక్షనరీ రాస్తున్నారు. అది ఇంకా పూర్తికాలేదు. ఒంటరిగా ఉంటారు.

మా పనిలో ఓరియెంటేషన్ అని ఒకటుంది. పేరు, చోటు, తేదీ అడిగి రోగి తెలివిలో ఉన్నారో లేదో చూస్తాం. ఆపరేషన్ మర్నాడు మత్తులో, నొప్పిలో ఉన్న ఆవిడను పేరు అడిగితే, ఎప్పుడో పోయిన భర్త పేరు చెప్పారు. మళ్ళీ అడిగినా అదే! ఇక్కడే పుట్టి పెరిగిన కూతురు మార్తా ఏడ్చేసింది. ఆవిడ అయోమయంలో ఉన్నారని చార్టులోకి ఎక్కింది. ఇలాగే ఉంటే ఇంటికి పంపడం కుదరదు, వృద్ధుల కేర్ హోమ్ చూసుకోండి అని డాక్టర్లు అన్నారు.

నాకు మనసొప్పలేదు. మా నానమ్మ ఎంత అడిగినా తాతయ్య పేరు నోటితో పలికేది కాదు. ఈవిడేమో ఏకంగా అదే తన పేరంటున్నారు, అదీ తడబాటు లేకుండా. మందులిచ్చాక పక్కన కూర్చున్నాను.

"మేడమ్, అది మీ ఆయన పేరు కదా?"

వెనక బెంచీ పిల్లను చూసినట్టు చూశారు. "నాదే. మా కాలంలో పెళ్ళయితే మొగుడి పేరే పూర్తిగా పెట్టేవారు, చివర భార్య అనే ముక్క తగిలించి. ఆ ముక్క మీ చెవికి ఆనలేదు. బళ్ళో నా పేరు అదే. మత్తులో పాతదే నోటికొచ్చింది." తర్వాత గొంతు తగ్గింది. "నన్ను ఇంటికి పంపరా? నా పుస్తకం ఏం కావాలి?"

వార్డు డాక్టరు గుంటూరు అబ్బాయి. అతని దగ్గరికి పరుగెత్తి, మా ఊరి యాసలోనే చెప్పాను.

"తమ్ముడూ, ఆమె మంచిగనే ఉన్నది. అది వాళ్ళ రివాజట. జర మల్ల అడిగి చూడు."

"అవునా అక్కా? ఉండండి, హంగేరియన్ ఇంటర్‌ప్రెటర్‌ని లైన్లోకి తీసుకుందాం."

ఫోన్లో అడిగిన ప్రతిదానికీ ఆవిడ టకటకా జవాబిచ్చారు. పైగా ఆ ఇంటర్‌ప్రెటర్‌ది ఏ ప్రాంతపు యాసో కూడా చెప్పేశారు! అతను పకపకా నవ్వాడు. మార్తా కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. డాక్టరు చార్టు సరిచేశాడు. అమ్మయ్య అనుకున్నాను, నిజంగా ప్రాణం లేచొచ్చింది.

ఇంటికి వెళ్ళే రోజు మార్తా నాతో అంది: "అమ్మ పేరు అమ్మ చెబితే నేనే భయపడ్డాను. ఆ డిక్షనరీ ఒక్కసారి కూడా తెరవలేదు. కొన్నాళ్ళు తన దగ్గరే ఉండి, మిగిలింది నేను టైప్ చేస్తాను."

ఇప్పుడు ఏ పెద్దవాళ్ళ జవాబైనా వింతగా అనిపిస్తే, చార్టు ముట్టుకోను. కుర్చీ లాక్కుని కూర్చుని, "మీ ఊళ్ళో మిమ్మల్ని ఏమని పిలిచేవారు?" అని అడుగుతాను.