మామ అరుగు మీది వైఫై

పులివెందుల బస్టాండులో బస్సు ఆగకముందే కిటికీలోంచి సీటు మీద తువ్వాలు వేసేవాళ్లతో నాకు పెద్ద గొడవేమీ లేదు. అది వాళ్ల ఒడుపు. నా ఫిర్యాదల్లా తువ్వాలు వచ్చి మనిషి రాకపోవడం గురించే. ఆ రోజు జమ్మలమడుగు బస్సులో నా పక్కన ఒక ఎర్రగళ్ల తువ్వాలు సీటంతా తానై కూర్చుంది. నేను నిలబడ్డాను. కండక్టరు దాని దగ్గర టికెట్టు అడగలేదు, నా దగ్గర అడిగాడు. ముద్దనూరులో వెనక వరుసలోంచి ఒకాయన తీరిగ్గా లేచి వచ్చి, తువ్వాలు దులిపి భుజాన వేసుకుని దిగిపోయాడు. ఆయనకు వెనక సీటు దొరికిందట. ఆ సంగతి బస్సుకు చెప్పాలని తోచలేదట.

పులివెందులలో ఒక ప్రైవేటు హాస్టలుకు వైఫై పెట్టి వస్తున్నాను. నాది ప్రొద్దుటూరు. బంగారం అంగళ్లకు కెమెరాలు బిగిస్తాను, ఆసుపత్రులకూ హాస్టళ్లకూ వైఫై పెడతాను. మా వీధిలో దీన్ని నెట్టు పని అంటారు. మా నాన్న మాత్రం బంధువులకు సాఫ్ట్‌వేర్ అనే చెప్పుకుంటాడు. చదివించిన మనిషి కాబట్టి నేను ఖండించలేదు. హాస్టల్లో పని చివరకు వచ్చేసరికి జమ్మలమడుగు నుంచి మామ ఫోను చేశాడు. మామ అంటే మా అమ్మకు అన్న.

"అల్లుడా, యాడుండావు?"

"పులివెందల్లో మామా."

"అట్లనే ఇట్ల వచ్చిపో. కోడలు ఏందో నెట్టు సరిగ్గా లేదంటాంది. నాకైతే బాగనే ఉంది."

ఆయనకు బాగుండడంలో ఆశ్చర్యం లేదు. ఆయన ఫోన్లో మాట్లాడడం తప్ప ఏమీ చేయడు.

మామకు ఊరి బయట శనగ చేలు ఉన్నాయి, ఇంటి ముందు పొడవాటి అరుగు ఉంది. ఆ అరుగు మీద కూర్చున్నవాళ్లతో మామ "లేదు" అనగా విన్నవాళ్లు జమ్మలమడుగులో దొరకరు. ఎండలు ముదిరితే ఇంటి ముందు చలివేంద్రం పెట్టి, కుండలకు తడిగుడ్డ తానే చుడతాడు. ఇంటికి వైఫై వచ్చినప్పుడు దాన్ని కూడా చలివేంద్రం ఖాతాలోనే వేసుకున్నాడు. పెయింటరును పిలిపించి, అరుగు గోడ మీద, బోరు మోటర్లు బాగుచేసే ఆయన ఫోను నంబరు కింద, పాస్‌వర్డు రాయించాడు. నీలం అక్షరాలు, తెల్ల అంచు. దారిన పోయే ఆటోవాళ్లకు కూడా కళ్లజోడు లేకుండా కనబడుతుంది.

అందువల్ల నేను వెళ్లేసరికి అరుగు నిండుగా ఉంది. ఒకాయన పొట్టేళ్ల సంత చూస్తున్నాడు. ఒకాయన పంచాయితీ వీడియో చూస్తూ అందులో లేనివాళ్లను కూడా తిడుతున్నాడు. ఇద్దరు సినిమా చూస్తున్నారు, ఒకే సినిమా, వేరువేరు ఫోన్లలో.

లోపల ఫిర్యాదులు రెండు. అత్తది చిన్నది. సీరియల్లో అత్తాకోడళ్లు గొడవకు దిగే సమయానికి టీవీలో ఎద్దులు బండ లాగడం మొదలుపెడతాయి. అరుగు మీద ఎవరి వేలో తగిలి, వాళ్ల ఫోన్లోని వీడియో తిన్నగా ఇంటి టీవీకి వస్తుంది. అందరూ ఒకే నెట్టులో ఉంటే అంతే, టీవీకి ఇంటివాళ్లెవరో వీధివాళ్లెవరో తెలియదు. "ఎద్దులు బాగనే ఉన్యాయి గానీ, ఆ కోడలు ఏమన్నింటాదో నాకు ఈ పొద్దుటికీ తెలీదప్పా," అంది అత్త.

కోడలిది పెద్ద ఫిర్యాదు. మామ కొడుకు సిమెంటు ఫ్యాక్టరీలో షిఫ్టులు చేస్తాడు. ఇంట్లో ఉన్నాడంటే నిద్రపోతున్నాడని అర్థం. ఆయన భార్య నాకు చెల్లెలి వరస. పెళ్లయిన తర్వాత చాలాకాలం వెతికి, ఇంటి నుంచే చేసే ఉద్యోగం ఒకటి సంపాదించుకుంది. బెంగళూరు కంపెనీ. ఆరోగ్య బీమా తీసుకున్నవాళ్లు ఫోను చేస్తే కంప్యూటరు ముందు కూర్చుని సమాధానాలు చెప్పాలి. ఇంకా పర్మనెంటు కాలేదు. కాల్ మధ్యలో తెగిపోతోందని పైవాళ్లు అప్పటికే హెచ్చరించారు.

"తెగేది తెగితే పోనీ అన్నా," అంది ఆ అమ్మాయి. "ఆపరేషన్ థియేటర్ బయట నిలబడి ఫోన్ చేసింటారు. 'మీ క్లెయిము' అని నేను అంటాను, ఆడికి ఆగిపోతాది. వాళ్లు ఏమనుకోవల్ల? ఇట్లనే ఉంటే రివ్యూలో తీసేస్తారంట. ఇది పోతే నాకు మల్లా ఇంకోటి దొరకదు."

నేను సంచీలోంచి హాస్టల్లో మిగిలిన స్విచ్చి, అంటే నెట్టు తీగలు కలిపే పెట్టె, బయటికి తీశాను. దీనికి మందు వీలాన్, అంటే ఒకే నెట్టును వేరువేరు దారులుగా విడగొట్టడం. ఉన్నది ఒకటే కనెక్షను, ఒకటే తీగ, గాలిలోకి వదిలే పెట్టె కూడా ఒకటే. కానీ అది మూడు పేర్లతో కనబడుతుంది. ఏ పేరుతో లోపలికి వచ్చిన ఫోనుకు ఆ పేరు గుర్తు అంటుకుంటుంది. తీగలో అందరూ కలిసే నడుస్తారు, గుర్తును బట్టి దారులు విడిపోతాయి, ఒక దారిలోవాళ్లకు ఇంకో దారిలోవాళ్లు కనబడరు. హాస్టల్లో ఇది చెబితే వార్డెను తల ఊపాడు. మామ తల ఊపే రకం కాదు.

"పెన్న గట్టున గొర్లు పోతాయి చూడు మామా," అన్నాను. "దావ ఒకటే. మూడు మందలు కలిసిపోయినా, వీపు మీద రంగు చూసి యా దొడ్డివి ఆ దొడ్డికి మలుపుకుంటారు గదా. అట్లనే. ఆఫీసు ఒకటి, ఇల్లు ఒకటి, బయటోళ్లు ఒకటి."

"బయటోళ్లు ఎవురుండార్రా మన ఇంటికాడ?"

నేను కిటికీలోంచి అరుగు వైపు చూశాను. మామ కూడా చూశాడు. ఆయనకు అక్కడ బయటివాళ్లు ఎవరూ కనబడలేదు.

చివరికి ఆ పేరు మార్చి "అరుగు" అని పెట్టాను. అది మామకు నచ్చింది. ఆఫీసు దారికి ముందు వరస, దాని పాస్‌వర్డు కోడలికి. ఇల్లు దారిలో అత్త టీవీ. అరుగు దారికి గోడ మీది పాత పాస్‌వర్డే ఉంచి, వేగంలో దాని వాటా దానికి కట్టి, అంతకు మించకుండా ఒక హద్దు గీశాను. అక్కడివాళ్ల ఫోన్లు ఒకదానికొకటి కూడా కనబడవు. హద్దు సంగతి మామకు కొంచెం మెల్లగా చెప్పాను, ఫ్యాను తిరుగుతున్నప్పుడు.

ఆ వారమంతా అత్త ఫోను చేసి సీరియల్లో కోడలు ఏమందో చెబుతూ వచ్చింది. నా వృత్తి మీద నాకు గౌరవం పెరిగింది.

కొన్ని నెలల తర్వాత, ప్రొద్దుటూరులో నా అంగట్లో కూర్చుని ఊరికే ఫోన్లోంచి మామ ఇంటి నెట్టు తెరిచి చూశాను. ఆఫీసు దారిలో ఫోన్లు కిక్కిరిసి ఉన్నాయి. ఒక ఫోను పేరు 'పొట్టేలు'. అరుగు దారిలో ఉన్నది ఒకే ఒక్క కంప్యూటరు. గుర్తులు తారుమారుగా అంటించానేమో అనుకున్నాను. నా పనిని నేనే అనుమానిస్తూ పూట గడిపాను, ఎక్కడా తప్పు దొరకలేదు. దొరికి ఉంటే బాగుండేది, అంగట్లో కూర్చునే సరిచేసేవాణ్ణి. బస్సెక్కి జమ్మలమడుగు పోయాను.

కోడలు గది తలుపు దగ్గరికి వేసి చెప్పింది. నేను వెళ్లిన కొన్నాళ్లకే అరుగు మీద ఒకాయన "నెట్టు రోంత మెల్లగుంది పెద్దాయనా" అన్నాడట. మామకు అది "నీళ్లు రోంత ఉప్పగుండాయి" అన్నట్టు వినబడింది. ఇంట్లోకి వచ్చి కోడలిని అడిగి, ఆఫీసు పాస్‌వర్డు ఆయన చెవిలో చెప్పాడు. "నువ్వు మనోడివి గాబట్టి చెప్తాండా. ఎవురికీ చెప్పాకు." ఆయన ఎవరికీ చెప్పలేదు, తన బావమరిదికి తప్ప. తర్వాత ఇంకొకాయన అడిగాడు. ఆయన కూడా మనోడే. జమ్మలమడుగులో మామకు మనోడు కానివాడు ఇంకా పుట్టలేదు.

"మళ్లీ తెగడం మొదలైందన్నా. ఒక పొద్దు విసుగొచ్చి అరుగు దాంట్లోకి పోయి చూస్తి. ఆడ ఒక్కరు గూడా లేరు. నువ్వు ఆడికి కట్టిన వాటానే నా ఒక్కదాని కాల్‌కు శానా ఎక్కువ. అప్పట్నుంచి ఆడనే ఉండా. ఒక్క కాల్ తెగలేదు."

"పాస్‌వర్డు మార్చేస్తా," అన్నాను.

"మారిస్తే మామ మల్లా అడుగుతాడు. మామ అడిగితే నేను లేదనలేను. ఇట్లనే ఉండనీన్నా. వచ్చే బుధవారం రివ్యూ ఉంది. అది అయిపోయేదాకా దేన్నీ కదిలించాకు. ఆ పొద్దు నువ్వు మాత్రం వచ్చి ఈడ కూచో."

ఆలోచించి చూస్తే పద్ధతిలో తప్పేమీ లేదు. ఇంటి కోడలు వీధివాళ్ల దారిలో క్షేమంగా ఉంది, వీధివాళ్లు ఆఫీసు దారిలో సుఖంగా ఉన్నారు. వేరుచేయమన్నారు, వేరయ్యారు. దేన్నీ ముట్టుకోకుండా తిరిగి వచ్చాను. నేను చేసిన పనుల్లో అంత బాగా కుదిరింది మరొకటి లేదు.

బుధవారం పొద్దున నేను వెళ్లేసరికి కోడలు ఇస్త్రీ చీరలో కంప్యూటరు ముందు కూర్చుంది. అత్త కుక్కరు పెట్టడం మానేసింది, విజిల్ వినబడుతుందని. కాల్ మొదలైంది. బెంగళూరు మేడమ్ నవ్వుతూనే అడుగుతోంది, ఈ అమ్మాయి నవ్వుతూనే చెబుతోంది. నేను గది మూలలో స్టూలు మీద, కెమెరాకు కనబడకుండా, స్విచ్చి వైపు చూస్తూ కూర్చున్నాను. అందులో చూడడానికేమీ ఉండదు, దీపాలు వెలుగుతూ ఆరుతూ ఉంటాయి.

అప్పుడు కిటికీ అవతల, అరుగు మీద, మామ గొంతు వినిపించింది.

"అప్పా, అందరూ ఒక మాట ఇనండి. లోపల మా కోడలికి ఉజ్జోగం మాట్లాడతాండారు. మీకు నేను చెప్పిన మంచి నెట్టు ఉంది గదా, ఈ పొద్దు ఎవురూ దాంట్లో ఉండద్దు."

ఆ ఇంట్లో అలాంటి మాట వినడం వాళ్లకు కొత్త.

"అంటే, లేదంటాండావా పెద్దాయనా?" అని ఒకాయన అడిగాడు. కోపం కాదు, నిర్ధారణ చేసుకుంటున్నాడు.

మామ గొంతు సవరించుకున్నాడు. తర్వాత, "లేదు," అన్నాడు. "ఈ పొద్దుకు లేదు."

"మరి మేమేం చేయల్ల?"

"గోడ మింద రాసిందాంట్లోకి పోండి. బిన్నా, తడవు చేయాకండి."

ఆయన జీవితంలో మొదటిసారి ఒకరిని కాదన్నాడు, అది కూడా పదిమంది ముందర. ఆ తర్వాతే అర్థమైంది, ఆయన వాళ్లందరినీ ఎక్కడికి పంపాడో.

తెర మీద బెంగళూరు మేడమ్ నోరు తెరిచి ఆగిపోయింది. కోడలు నా వైపు తిరిగింది. ముఖంలో రంగు లేదు.

"ఆఫీసుకు మారమ్మా," అన్నాను. "నీ దాంట్లోకే పో. ఇప్పుడు ఆడ ఎవురూ లేరు."

గబగబా మార్చింది. ఒక చక్రం తిరిగింది, చాలాసేపు తిరిగింది, మేడమ్ మళ్లీ కదిలింది. ఆ తర్వాత అద్దంలా వచ్చింది. నేను కలగన్న వీలాన్ అదే, ఆఫీసు దారిలో ఆఫీసు మనిషి ఒక్కతే. అది అంత చక్కగా పనిచేయడం నేను మొదటిసారి అప్పుడే చూశాను. మేడమ్ మాత్రం ఇంకా నవ్వుతూనే, మనం ముఖ్యమైన విషయం మాట్లాడుతుండగా లైను పోయింది కదా, ఇలాంటప్పుడు ఫోను చేసినవాళ్ల పరిస్థితి ఏమిటి, అంది. ఇంకో నెల చూద్దాం, అంది.

కోడలు కంప్యూటరు మూసి హాల్లోకి వచ్చింది. అత్త వంటింటి గడప దగ్గర నిలబడింది. మామ అరుగు మీంచి లోపలికి వచ్చాడు. ముఖం వెలిగిపోతోంది. నన్ను చూసి, నేను కూడా విన్నానో లేదో చూసుకున్నాడు.

"ఏమన్నార్మా?"

"ఇంకో నెల చూస్తారంట. మాట్లాడతా మాట్లాడతా తెగిపోయింది మామా. ఇంకోసారి తెగితే తీసేస్తారు."

"యాడ తెగుతాది? ఆ మంచి దాంట్లో ఒక్కడు గూడా లేడు. నేనే నిలబడి అందర్నీ పంపిస్తి. ఇన్నేండ్లలో నా నోట్లోంచి లేదనే మాట రాలేదు, ఈ పొద్దు నీకోసరం అన్నా."

"గోడ మింద రాసిన దాంట్లోకి పంపిస్తివి. నేను ఉండేది దాంట్లోనే మామా, శానా దినాల్నుంచి."

"వీధోళ్ల దాంట్లో నీకేం పని? నీకు వేరే పెట్టిచ్చింది యాల?"

కోడలు కొంగుతో నుదురు తుడుచుకుంది.

"నా పాస్‌వర్డు అడిగినోళ్లందరికీ నువ్వే చెప్తివి గదా మామా. నేను యాడికి పోవల్ల?"