తొడకండ మీద తడిచీర

మొన్న కంప్లి నుంచి బస్సులో వస్తుంటే ఎవరో రోడ్డు పక్కన వేరుశనగ పొట్టు రాజేశారు. కిటికీలోంచి పొగ రాగానే బస్సులో సగం మంది ముక్కులు మూసుకున్నారు. నాకు మాత్రం నోట్లో నీళ్ళూరాయి. ఆ వెంటనే నవ్వొచ్చింది. పక్కన కూర్చున్న పెద్దావిడ నన్ను అదోలా చూసింది. ఆమెకేం చెప్పను? ఆ పొగలో నాకు సుంకమ్మత్త కనిపించింది, నోట్లో వక్కాకు, చేతిలో పట్టకారు, నన్ను తిట్టడానికి సిద్ధంగా.

సుంకమ్మత్త నాకు చుట్టం కాదు. గనులు జోరు మీదున్న రోజుల్లో, ఇనుప ఖనిజం లారీలు రాత్రీపగలూ రోడ్డు పట్టిన కాలంలో, నేను కొత్త కోడలిగా లారీ స్టాండు పక్క ఇళ్ళ వరుసకు వచ్చాను. మా ఆయన డ్రైవరు. లోడుతో వెళ్తే మూడేసి రోజులు క్యూలోనే ఉండిపోయేవాడు. పక్కింట్లో సుంకమ్మత్త పెద్దకూర హోటల్ నడిపేది. దానికి బోర్డు లేదు. కావలసినవాళ్ళకు బోర్డు అక్కర్లేదు, మిగతావాళ్ళ కంట పడాలని ఆమెకూ లేదు. నాలుగు బల్లలు, రాగి ముద్ద, ఎర్రకారం, పొగబెట్టిన ఎద్దుమాంసం, అంతే. నేను వచ్చిన మూడో రోజు గుమ్మంలో నన్ను చూసి, “ఒక్కదానివే కూచోని గోడలు చూస్తాండావా? రామ్మే, ఉల్లిగడ్డలన్నా కోద్దువు” అంది. ఆ వెళ్ళడం వెళ్ళడమే, మళ్ళీ ఇంట్లో ఊరికే కూర్చున్నది లేదు.

కొవ్వున్న మాంసానికి ఎవరైనా పొగ పెడతారని ఆమె లెక్క. కొవ్వు కరిగి కండను అదే తడుపుతుంది. ఎటొచ్చీ తొడకండతోనే చిక్కు. “దీని లోపల నీళ్ళు దప్ప ఇంగేం లేదు. ఆ నీళ్ళు బయటికి పోకుండ చూసేదే మన పని” అనేది. సగానికి కోయించిన నూనె డ్రమ్ము అడుగున తుమ్మబొగ్గులు, వాటి మీద వేరుశనగ పొట్టు, మధ్యలో నీళ్ళ గిన్నె, పైన ఊచల మీద ముందురోజే ఉప్పు పట్టించిన కండ, దాని మీద తడి గోనె. మంట లేవకూడదు. పొగ సన్నగా, నిదానంగా రావాలి.

నిదానం నా ఒంట్లో లేదు. మొదటిసారి నాకు అప్పజెప్పినప్పుడు గోనె పదిసార్లు ఎత్తి చూశాను. ఎత్తినప్పుడల్లా ఆవిరి పోయింది, గాలి తగిలి నిప్పు లేచింది. చివరికి నల్లగా, గట్టిగా ఒక పదార్థం తయారైంది. సుంకమ్మత్త దాన్ని బల్లకేసి కొట్టి చూసింది. “మా తాత బతికింటే దీన్ని జత చెప్పులు కుట్టింటాడు మే. నీకొకటి, నీ మొగునికొకటి.” ఆమె తాత తోలుపని చేసేవాడట. వారం రోజులు డ్రైవర్లందరూ నన్ను చూసి కాళ్ళ సైజు చెప్పి వెళ్ళారు.

ఆ ఏడు మా ఎదురుగా కొత్త ధాబా లేచింది. రంగు లైట్లు, ప్లాస్టిక్ కుర్చీలు. మా బల్లలు ఒక్కొక్కటే ఖాళీ అయ్యాయి. దానికి తోడు సుంకమ్మత్త బావి దగ్గర జారిపడి కుడి మణికట్టు విరగ్గొట్టుకుంది. సిమెంటు కట్టు వేశారు. ఏటా ఆయుధపూజ మరునాడు లారీలవాళ్ళందరూ ఆమె దగ్గరే తినడం ఆనవాయితీ. “ఈసారి వాళ్ళు ఆ పక్కకు పోయిరంటే నేను తాళమేసి హచ్చొళ్ళికి, మా తమ్ముని దగ్గరికి పోతా” అంది. ఆమె లేని ఆ స్టాండును ఊహించుకోలేకపోయాను. వండాల్సింది నేనే.

పండగ రోజు కసాయి బాషన్న మాంసం తెచ్చాడు. విప్పి చూస్తే అంతా తొడకండే. “చర్బీ లేదమ్మా, కొవ్వున్నదంతా ధాబావాళ్ళు ఎత్తుకపోయినారు” అని తల గోక్కున్నాడు.

మరునాడు పొద్దున్నే నిప్పు రాజేశాను. పాత గోనె చిరిగిపోయిందని పెరట్లో దొరికిన ఇంకో సంచి తడిపి కప్పాను. కాసేపటికి చూస్తే కండ మీద ఎర్రటి చారలు. అది గనిలో ఖనిజం శాంపిళ్ళు మోసే సంచి! ఏడుపు ఆగలేదు నాకు. సుంకమ్మత్త వచ్చి, చూసి, కట్టుచెయ్యి పట్టుకుని పడీపడీ నవ్వింది. “ఇది తింటే కడుపుకు పర్మిట్ తీసుకోవాల గదే!”

నవ్వు ఆగాక చకచకా పని చెప్పింది. కండ కడిగించి, గుడ్డతో తుడిపించి, వేరుశనగ నూనె పట్టించింది. లోపలికి వెళ్ళి, ఆ రోజు కట్టుకుందామని దాచుకున్న కొత్త నూలుచీర తెచ్చి నీళ్ళలో ముంచింది. నేను వద్దని చెయ్యి పట్టుకున్నాను.

“చీర పోతే ఇంగోటి వస్తాది. లారీలోళ్ళు పోతే వస్తారా?” అంది. “ఇంగ నీ ఈపు డ్రమ్ము పక్క పెట్టి కూచో. తిరిగితివా, పట్టకారుతో ఏస్తా.”

అలా వీపు పెట్టి రెండు గంటలు వెల్లుల్లి ఒలిచాను. తర్వాత చీర మీంచే కండను నొక్కి చూడమంది. అరచేతిలో బొటనవేలి కింద ఎలా ఉంటుందో అంత మెత్తగా ఉంది. తీసి, గుడ్డలో చుట్టి, మట్టికుండలో మూత పెట్టాను. అప్పటికే డ్రైవర్లు వచ్చి కూర్చున్నారు. “వాసన పెట్టి చంపుతాండారు గదమ్మా, కొయ్యండి!” అని ఒకరు, “బేగ బేగ!” అని ఒకరు. ఇద్దరు లేచి ధాబా వైపు చూశారు. నేను సుంకమ్మత్త వైపు చూశాను.

“నన్నేం చూస్తావు? కత్తి నీ చేతిలో ఉండాది” అంది, తాపీగా వక్కాకు నములుతూ.

వేడి మీద కోస్తే రసమంతా బల్ల పాలవుతుంది. కత్తి పక్కన పెట్టి గట్టిగా అన్నాను, “అన్నా, ఇంగ స్వల్ప కూచోండి. ఉంటే తింటారు, పోతే మీ కర్మ.” ఎవరో పకపకా నవ్వారు. లేచిన ఇద్దరూ మళ్ళీ కూర్చున్నారు.

కుండ మూత తీసి, పోగుకు అడ్డంగా కోశాను. ముక్క ముక్కకూ రసం మెరిసింది. ఆ తర్వాత మాటల్లేవు, నమలడమే. ముద్దలు చాలక రెండోసారి ఎసరు పెట్టాను. ధాబా ముందు నిలిచిన లారీ కూడా మా వైపు తిరిగింది.

అంతా అయ్యాక సుంకమ్మత్త వంటింట్లోకి రాలేదు. వెళ్ళి తినేవాళ్ళ బల్ల మీద, డ్రైవర్ల మధ్య కూర్చుంది. ఎడమచేత్తో తిని ప్లేటు నా వైపు చాపింది.

“ఇంగో రెండు ముక్కలెయ్యి. రేపట్నుంచి నేనూ ఈడే కూచోని తింటా.”

హచ్చొళ్ళి మాట మళ్ళీ ఎత్తలేదు. గనులు మూతపడి లారీలు కనపడకుండా పోయేదాకా, ఆమె కన్ను మూసేదాకా, అదే బల్ల మీద కూర్చుని ఉప్పు తక్కువైందని నన్ను తిడుతూనే తినింది. ఇప్పటికీ ఆకలిగొన్నవాళ్ళు ఎంత అరిచినా, సమయం కాందే నా చెయ్యి కత్తి మీదికి పోదు. నాకంత గుండె ఉందని నాకంటే ముందే ఆమెకు తెలిసింది. ఆ సంగతి తలచుకున్నప్పుడల్లా, ఇన్నేళ్ళయినా, లోపల్లోపల మురిసిపోతాను.